ఐదు వారముల విద్య

15 వారములలో చెప్పవలసిన పాఠమును 5 లేక 6 వారములలో చెప్పి ముగించు పద్ధతి అమెరికా కళాశాలలలో ప్రతి వేసవియందును నడచుచున్నది. మన తెలుగునాటినుండి ఆ దేశమునకు చదువులకై పోయిన బిడ్డలలో కొందరు ఈ తరగతులలో చేరుచున్నారు. చదువు ఒక సెమిస్టరు ముందుగా ముగిసినచో ఆ నాలుగు నెలల అద్దెయు, భోజనవ్యయమును మిగులునని వారి యాశ. పొలము తాకట్టుపెట్టి పంపిన తండ్రికిని అదే యాశ. ఆ యాశను మేము తప్పుపట్టము. కాని లెక్క చూడక కుదుర్చుకొన్న బేరము లాభించుట యరుదు గనుక, ఆ లెక్కను పాఠకుల ముందుంచుచున్నాము.

అమెరికా విద్యాశాఖ 2010 లో ప్రకటించిన నిబంధనము ననుసరించి ఒక క్రెడిట్టు అనగా, సుమారు 15 వారములపాటు వారమునకు ఒక గంట బోధనము, తరగతి వెలుపల కనీసము రెండుగంటల కృషి. కాలము తగ్గినను మొత్తము పని తగ్గరాదు. మూడు క్రెడిట్ల పాఠమునకు బోధన 45 గంటలు, స్వయంకృషి 90 గంటలు, వెరసి 135 గంటలు. దీనిని 5 వారములకు పంచిన వారమునకు 27 గంటలగును. రెండు పాఠములు ఒక్కసారి తీసికొన్నవానికి 54 గంటలు. ఆదివారము సైతము విడువక చదివినను దినమునకు దాదాపు 8 గంటలు కావలయును. ఆపై జీవనమునకై కొలువు చేయువాడు నిద్రను తగ్గించుకొనవలెను, లేదా చదువును తగ్గించుకొనవలెను. ఎవరి ఇంటనైనను మొదట తగ్గునది చదువే.

వేసవి చదువు స్వభావముచేత హీనమైనదని మేమనము. హార్వర్డులో వేసవి తరగతులు 1871 లోనే వెలసినవి. 1892 లో తలుపులు తెరచిన చికాగో విశ్వవిద్యాలయము సంవత్సరమును నాలుగు భాగములు చేసి, వేసవిని తక్కిన మూడింటితో సమానమైన విద్యాకాలముగా నెంచినది. వేసవిలో చెప్పుట వేరు, వేసవికై కుదించి చెప్పుట వేరు అను భేద మిక్కడ స్పష్టము. కుదించిన పాఠములు సైతము ఫలింపవని చెప్పరాదు. 1992 లో స్కాట్, కాన్రాడ్ అను ఇరువురు పండితులు అంతవరకు వెలువడిన పరిశోధనలను సమీక్షించి, అట్టి తరగతుల విద్యార్థులు దీర్ఘకాలపు విద్యార్థులకు సాధారణముగా తీసిపోలేదని తేల్చిరి.

అయినచో చిక్కెక్కడ? పరీక్షలో నెగ్గుట ఒకటి, నేర్చినది నిలుచుట వేరొకటి. జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని, ఒకే కూర్చుండులో పలుమారు వల్లించుటకంటె దినముల యెడము నిచ్చి వల్లించుట మేలని 1885 లో ప్రకటించెను. మన పూర్వపు పాఠశాలలలో పాడ్యమి, అష్టమి మొదలగు అనధ్యయనదినములందు కొత్త పాఠము చెప్పెడివారు కారు. ఆ నియమ మేకారణమున ఏర్పడినను, దానివలన చెప్పిన పాఠము కుదుటపడుటకు వ్యవధి దొరకెడిది. 5 వారముల తరగతిలో అట్టి వ్యవధి లేదు. ఒక్క దినము జ్వరము వచ్చినను సాధారణకాలమున మూడు దినముల పాఠము పోయినట్లే.

ఈ లోపమును కనిపెట్టి సవరించుకొన్న విద్యాలయములును కలవు. కొలరాడో కళాశాల 1970 నుండి విద్యార్థికి ఒక్కసారి ఒక్క విషయమునే, మూడున్నర వారములపాటు బోధించుచున్నది. 1915 లో మిడిల్‌బరీలో జర్మను భాషతో మొదలైన వేసవి పాఠశాలలు, నేర్చుకొను భాష తప్ప వేరుభాష పలుకనని విద్యార్థిచేత ప్రతిజ్ఞ చేయించుచున్నవి. కాలము తగ్గించినవారు విషయములను తగ్గించిరి, విధానమును మార్చిరి.

సేద్యగాండ్రకు ఇది తెలియని సంగతి కాదు. స్వల్పకాలపు వరికి లేతనారు నాటుదుము, కుదుళ్లు దగ్గరగా వేయుదుము, కలుపును ముందుగా తీయుదుము. దీర్ఘకాలపు వంగడమునకువలె ముదురునారు నాటి, ఎరువు ఆలసించి వేసినచో పిలకలు రావు. విత్తనము మంచిదే, నేల మంచిదే, చేసిన సేద్యమే తప్పు. 15 వారముల ఉపన్యాసములను ఉన్నవి ఉన్నట్లుగా 5 వారములలో అప్పగించు అధ్యాపకుడు చేయునది ఆ సేద్యమే.

కావున మేము కోరునది మూడు మాటలు. కళాశాలలు వేసవి పాఠమునకు రుసుముతోపాటు వారమునకు పట్టు గంటలనుకూడ ముందుగా చెప్పవలయును. అధ్యాపకులు ప్రధానాంశములను ఎన్నుకొని, దినదినము అభ్యాసము చేయించి, మొదటి వారమందే తప్పులు దిద్దవలయును. విద్యార్థులు ఒక వేసవికి ఒక్క పాఠముతో తృప్తిపడవలయును. పైచదువునకు పునాదియగు గణితమువంటి దానిని వీలైనంతవరకు పూర్తికాలమందే చదువుట మేలు.

తల్లిదండ్రులకు వేరుగా ఒక మనవి. అప్పు భారము మీదే, వడ్డీ పెరుగుట నిజమే. కాని, 'ఎప్పుడు ముగింతువు?' అని వారమువారము అడుగుటకు మారుగా, 'ఎంత నేర్చితివి?' అని ఒక్కసారి యడుగుడు. తప్పిన పాఠమునకు రెండవమారు రుసుము చెల్లించుటకంటె, ఒక సెమిస్టరు ఓర్చుట చౌక.