గంట యెవరు కొట్టాలి?

మన మధ్యతరగతి ఇళ్ళల్లో పిల్లవాణ్ణి బళ్ళో వెయ్యాలన్న మాట రాగానే, ‘కాన్వెంటులో వేస్తే బాగుంటుంది’ అనేవారే యెక్కువ. వారి మతం యేదైనా సరే, ఈ కోరికలో తేడా వుండదు. ఇంగ్లీషు వస్తుందన్నది ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం మరొకటి వుంది. అక్కడ క్రమశిక్షణ వుంటుంది, సిస్టర్లు పిల్లల్ని కనిపెట్టి చూస్తారు అని మన నమ్మకం. పొద్దున్న గేటు దగ్గర దింపి వస్తే మళ్ళీ సాయంత్రం దాకా బెంగ లేదనుకుంటాం.

ఆ నమ్మకం వట్టిదని నేననను. కాని, క్రమశిక్షణ వేరు, భద్రత వేరు. ఈ రెండూ ఒకటే అనుకుంటే యెంత ముప్పు వస్తుందో ఒక బడి కథ వింటే తెలుస్తుంది.

అమెరికాలో షికాగో నగరానికి పడమటి వైపున ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’ అనే కథోలిక బడి వుండేది. సుమారు 1600 మంది పిల్లలు. చదువు చెప్పేది యెక్కువగా కన్యాస్త్రీలే. గదులు చాలక ఒక్కో క్లాసులో యాభై అరవై మందిని కూర్చోపెట్టేవారు.

1958 డిసెంబరు 1, సోమవారం. మధ్యాహ్నం మూడింటికి బడి వదులుతారు. ఇంకా ఇరవై నిమిషాలు వుందనగా మేడమీద పొగ కనిపించింది. అప్పటికే కింద నేలమాళిగలో, మెట్ల మొదట్లో పెట్టిన చెత్త డబ్బా అంటుకుని చాలాసేపయింది. ఆ మెట్లు కర్రవి. కింది అంతస్తులో మెట్ల దగ్గర తలుపు వేసి వుంది గనక మంట అటు పోలేదు. మేడమీద తలుపే లేదు గనక పొగా, వేడీ తిన్నగా పైకి వచ్చి నడవా అంతా నిండాయి. అక్కడి గదుల్లో 300 మందికి పైగా పిల్లలున్నారు. వాళ్ళకు ఆ నడవా తప్ప వేరే దారి లేదు. ఆపదలో దిగడానికి వెనక వైపు ఒకే ఒక ఇనప మెట్ల వరస వుంది గాని, దాని దగ్గరికి పోవాలన్నా ఆ నడవాలోంచే పోవాలి. కిటికీలోంచి దూకుదామంటే నేల 25 అడుగుల కింద వుంది.

మేడమీదే మరొక వైపున ఒక టీచరు ముందుగా పొగ పసికట్టి పక్క గది టీచరుకు చెప్పింది. అయితే ఆ బడిలో ఒక నియమం వుంది. మదర్ సుపీరియర్ సెలవిస్తేనే గంట కొట్టాలి, పిల్లల్ని బయటికి తీసుకుపోవాలి. ఆవిడ కోసం ఆఫీసు గదికి వెళ్ళి చూస్తే ఆవిడ లేదు. ఆనాడు బడికి రాని మరొక టీచరుకు బదులుగా వేరే క్లాసులో పాఠం చెబుతోంది. ఇక ఇద్దరు టీచర్లూ నియమం పక్కన పెట్టి, తమ పిల్లల్ని దింపి పక్కనున్న చర్చిలో కూర్చోపెట్టారు. ఆ పిల్లలందరూ దక్కారు. దిగేటప్పుడు గంట మీట లాగితే మోగలేదు. తిరిగి వచ్చి లాగితే మోగింది. మోగినా బడి వరకే. అగ్నిమాపక దళానికి తీగ కలిపి లేదు. అప్పటికే అవతలి నడవాలో అడుగుపెట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఫోను చేసినవారు ఫాదర్ గారి ఇంటి చిరునామా చెప్పడం వల్ల ఇంజన్లు ముందు ఆ వీధికి పోయాయి. ఇటు వచ్చాక చూస్తే, రెండు భవనాల నడుమనున్న ఇనప గేటుకు తాళం! అది పగలగొట్టి నిచ్చెనలు వేసేలోగా పిల్లలు కిటికీల్లోంచి దూకుతున్నారు. మొత్తం 92 మంది పిల్లలు, ముగ్గురు కన్యాస్త్రీలు పోయారు. ఆ ముగ్గురూ తమ పిల్లల్ని వదిలి రాలేదు.

చూశారా! చూసేవారు లేక జరిగిన ఘోరం కాదిది. ప్రతి గదిలోనూ ఒక పెద్ద మనిషి వుంది, పిల్లలు చెప్పిన మాట విన్నారు. రెండు నెలల కిందటే, అక్టోబరులో, తనిఖీ కూడా అయింది. 1949లో వచ్చిన నగర నిబంధనలు కొత్త భవనాలకే గాని పాతవాటికి వర్తించవు గనక తప్పేమీ లేదన్నారు. ఆ తరవాత అమెరికా అంతటా పాత బడుల మెట్లు, తలుపులు, గంటలు మార్చారు. మార్చినది పిల్లలు పోయాక!

‘అది యెక్కడో దూరదేశపు మాట’ అంటారేమో. మన పక్క తమిళనాడులో, కుంభకోణంలో, 2004 జూలై 16న వంటశాలలో రేగిన నిప్పు పూరి కప్పుకు అంటుకుని 94 మంది పసివాళ్ళను పొట్టన పెట్టుకుంది. అది కాన్వెంటు కాదు, ప్రైవేటు బడి. నిప్పుకు ఆ తేడా తెలియదు గదా. ఆ విషాదం తరవాత వేసిన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో క్షేమమైన బళ్ళో చదువుకునే హక్కు కూడా వుందని తీర్పు చెప్పింది. నిప్పు ఆర్పే సాధనాలు వుండాలనీ, వాటిని వాడడం సిబ్బందికి నేర్పాలనీ ఆదేశించింది.

కనక, ఈసారి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు కాస్త ఆగి నాలుగు మాటలు అడగండి. మేడ దిగడానికి రెండో దారి వుందా? బడి జరుగుతున్నంతసేపూ గేటు తాళంచెవి యెవరి దగ్గర వుంటుంది? పిల్లల్ని బయటికి నడిపించే అలవాటు యేడాదికి యెన్నిసార్లు చేయిస్తున్నారు? అన్నిటికంటె ముఖ్యం, పెద్ద సిస్టరు గారు లేనప్పుడు గంట యెవరు కొట్టవచ్చు? ‘పొగ చూసినవారెవరైనా’ అని జవాబు వస్తే సంతోషించండి. ‘ఆవిణ్ణి అడగాలి’ అంటే, మర్యాదగానే, మళ్ళీ మళ్ళీ చెప్పండి. మనం అడిగితే సిస్టర్లు కోప్పడతారేమోనన్న జంకు వద్దు. ఇద్దరి కోరికా బిడ్డ క్షేమమే.

నిప్పు ఒక్కటే కాదు. పిల్లకు యెవరివల్లనైనా హాని జరుగుతోందని తెలిసినప్పుడు కూడా ఇదే ప్రశ్న. ‘ముందు పెద్దలకు చెబుదాం, బడి పరువు పోతుంది’ అని ఆగడం, సెలవు కోసం ఆఫీసు గది చుట్టూ తిరగడం లాంటిదే. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిసిన వారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష వుంది, సంస్థ నడిపేవారికి మరింత యెక్కువ. కాన్వెంటుకైనా, సర్కారు బడికైనా అదే చట్టం. పిల్లల కోసం 1098 అనే ఫోను నెంబరు వుంది, దానికి ఖర్చు లేదు. ఇంట్లో గోడ మీద రాసి వుంచండి.

పిల్లలకు కూడా ఒక మాట నేర్పాలి. ‘టీచరు చెప్పినట్టు విను’ అని రోజూ చెబుతాం, చెప్పాలి కూడా. దానితోపాటు, ‘పొగ కనిపించినా, యెవరైనా నీకు భయం పుట్టేట్టు ప్రవర్తించినా, క్లాసు మధ్యలోనైనా సరే లేచి గట్టిగా చెప్పు, నిన్ను కోప్పడితే నేను మాట్లాడతాను’ అని భరోసా ఇవ్వండి. సాయంత్రం బడినుంచి రాగానే మార్కులు యెన్ని అని అడిగేముందు, ఇవాళ బళ్ళో యేం జరిగిందమ్మా అని అడిగి, చెప్పేదంతా ఓపిగ్గా వినండి. పిల్లలు చెప్పదలచుకున్నవన్నీ ఒక్కసారే చెప్పరు. వినేవాళ్ళున్నారని తెలిస్తే మెల్లిమెల్లిగా చెబుతారు.