భోపాలు విషభూమి

భోపాలు నగరమందలి యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి 337 టన్నుల విషపదార్థములను 2025 జనవరిలో పీథంపురమునకు తరలించిరి. జూన్ నెలాఖరునకు వానిని దహించుటయు ముగిసినది. నలువది యేండ్లకైనను ఈ కార్యము నెరవేరినందులకు మేము సంతసించుచున్నాము. అయితే, ఇంతటితో నేల శుద్ధియైనదనియు, ఇక నచ్చట స్మారకమును, ప్రజలు విహరించుటకొక తోటను నిర్మించుటయే మిగిలినదనియు తలంచువారు పొరబడుచున్నారు.

తరలిపోయినది కొట్టులో మూటగట్టి యుంచినది మాత్రమే. నేలలోనికి దిగినది నేలలోనే యున్నది. 1969లో వెలసిన ఆ కర్మాగారము తన వ్యర్థములను ఆవరణలోని గోతులందును, వెలుపలి మడుగులందును పారబోసినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థయు, మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు పరీక్షించి, చెడిన మట్టి సుమారు 11 లక్షల టన్నులుండునని 2010లో అంచనా వేసినవి. 337 ఎక్కడ, 11 లక్షలెక్కడ? 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి వెడలిన వాయువు వేలమందిని చంపి చెదరిపోయినది. నేలలోని విషమట్లు పోవునది కాదు; అది వాననీటితో బావులలోనికి దిగును. పరిసరపు వాడలకు మంచినీరు తెప్పించి యిండని 2004లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపింపవలసి వచ్చినది.

ఇట్టి భూమి యెన్నటికిని విహారస్థలము కానేరదని మేమనుటలేదు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1906 మొదలు 1956 వరకు నడచిన వాయు కర్మాగారపు స్థలమును పురపాలకులు కొని, 1975లో ఉద్యానవనముగా తెరచిరి. నేడచట బాలురు గాలిపటములెగురవేయుచున్నారు. కాని 1984లో మట్టియందలి విషశేషమునకు వెరచి ఆ తోటను కొంతకాలము మూసి పరీక్షింపవలసి వచ్చినది. పిమ్మట క్రొత్తమట్టి కప్పి, భూగర్భములోనికి గాలినెక్కించి, బెంజీనును తొలగింపవలసి వచ్చినది. ఆ వ్యయములో నాటి వాయు కంపెనీకి వారసురాలైన సంస్థయు పాలుపంచుకొన్నది. తోట నాటుట కడపటి పని యనియు, తొలిపని నేల లోతును కొలుచుట యనియు దీనివలన తేలుచున్నది.

మరి మన దేశమున ఈ వ్యయమెవరిది? కాలుష్యము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనని 1996లో బిచ్ఛరి గ్రామపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. భోపాలులో జరిగినది వేరు. 1989 రాజీలో కంపెనీ 47 కోట్ల డాలర్లిచ్చి చేతులు కడుగుకొన్నది. ఆ ధనము బాధితుల పరిహారమునకు పోయినది. 337 టన్నులను వదలించుకొనుటకు 126 కోట్ల రూపాయలను మన ఖజానాయే యిచ్చినది. విషమమ్మి లాభము గొన్నవాడొకడు, శుద్ధికి పన్ను కట్టువారు వేరొకరు!

కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్రప్రభుత్వము 2025 జులైలో నియమములను ప్రకటించినది. బాధ్యులే వ్యయము భరింపవలెనని అందున్నది. నియమము కాగితముపైనుండిన చాలదు. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో కర్మాగారముల మురుగుచే చెరువులును, పొలములును చెడిన చరిత్ర మన రైతులెరిగినదే. ఏ స్థలమున నేమి విషమున్నదో, ఎంత లోతున నున్నదో, ఏటేట బావినీటిలో నెంత తగ్గినదో ప్రభుత్వము తెలుగున ప్రకటింపవలెను. ఆ లెక్కను అడుగుట గ్రామస్థుల హక్కు, పురజనుల విధి.

భోపాలులో తోట వెలయవలసినదే. కాని అచట ఆడుకొను బిడ్డ చేతికంటిన మట్టిని చూచి తల్లి భయపడకుండు దినమున వెలయవలెను. అంతకుముందు పచ్చిక పరచుట విషమును దాచుటయే యగును.