పాపమెవరిదో తేల్చేలోపు

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. తిరుమల గుడి తలుపులు మూశారు, టీవీ పండితులు నోళ్లు తెరిచారు. కడుపుతో ఉన్నవాళ్లు కత్తిపీట ముట్టరాదట, సూది పట్టరాదట, పక్కకు ఒత్తిగిల్లరాదట. చేస్తే బిడ్డ అవకరంతో పుడుతుందట. నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కింది పల్లెల్లో, ఆత్మకూరు చుట్టుపక్కల, ఆ రాత్రి ఎందరు ఆడపిల్లలు ఒంటేలుకు కూడా లేవకుండా కట్టెల్లా పడుకుని ఉంటారో. భూమి నీడ చంద్రుడి మీంచి తొలగిపోయింది. ఆడదాని మీద పడిన నీడ మాత్రం అంత తొందరగా పోదు. రేపు ఏ ఇంట్లోనో వీపు మీద తిత్తితో బిడ్డ పుడితే తీర్పు సిద్ధంగా ఉంటుంది: "గ్రహణం పొద్దు కుదురుగా ఉండలా. అనుభవించాల్సిందే."

ఆ తిత్తి సంగతి చూద్దాం. వెన్నెముక కొంతమేర మూసుకోకుండా ఉండిపోయి, నడుము దగ్గర నాడులు, పొరలు బయటికి వచ్చేస్తాయి. డాక్టర్లు స్పైనా బైఫిడా అంటారు. అందులో తీవ్రమైన రకం మైలోమెనింగోసీల్. మెదడుగా, వెన్నుపాముగా మారాల్సిన గొట్టం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అంటే నెల తప్పిందని తల్లికి గట్టిగా తెలిసేనాటికే ఆ పని అయిపోతుంది, లేదా చెడిపోతుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి, మొదటి నెలలో మూసుకోని వెన్నుకు సంబంధమేమిటో పంచాంగకర్తలు చెప్పాలి. ఘడియలు, విఘడియలు గుణించేవాళ్లకు ఈ చిన్న తీసివేత రాదా?

ఎదుటివాళ్ల వాదన కూడా చెప్పాలి కదా, చెబుతాను. గ్రహణం కాకపోతే నక్షత్రం. నక్షత్రం కాకపోతే దిష్టి. దిష్టి కాకపోతే పూర్వజన్మ కర్మ. ఆదివారం ప్రార్థనకు వెళ్లే ఇళ్లలోనైతే అది పరీక్ష. వాదన ఇంతే. ఎటు తిప్పినా దోషి దొరకాలి, ఆ దోషి ఆడదై ఉండాలి. మొగుడి కర్మ మీద పంచాయితీ జరగడం నా ఎరుకలో లేదు.

ఉదయగిరి వైపు మా బంధువుల ఊళ్లో, నా చిన్నప్పుడు, ఇలాంటి బిడ్డే పుట్టింది. మంత్రసాని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీపున పసుపు అద్దారు. తాయెత్తు కట్టారు. జాతకం చూపించడానికి ఒకాయన బస్సెక్కి పోయాడు. పురిటి మైలలో బిడ్డను గడప దాటించకూడదని ముసలామె పట్టుబట్టింది. పదకొండో రోజు పురుడు చెయ్యలేదు, ఉయ్యాల కట్టలేదు, పేరు పెట్టలేదు. "తీసుకుపోతే ఆ బిడ్డకే మేలు" అని వచ్చినవాళ్లంతా ఓదార్చి పోయారు. బిడ్డకు జ్వరమొచ్చింది, పాలు తాగడం మానేసింది, పోయింది. అందరూ దేవుడు కరుణించాడన్నారు. పుండులోంచి చీము మెదడు పొరలదాకా పాకితే దానికి కరుణ అని పేరు! ఆ తల్లిని ఆ తర్వాత పేరంటాలకు పిలవడం మానేశారు. కడుపుతో ఉన్నవాళ్లు ఆమె ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. ఊళ్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అక్కర్లేకపోయింది.

ఆ బిడ్డకు కావలసినవి ఎంత మామూలు పనులో చూడండి. బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టాలి. తిత్తి మీద స్టెరైల్ సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పాలి. పసుపు, బూడిద, నూనె ఏదీ తగలనివ్వకూడదు. ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి వెంటనే చేర్చాలి. రెండు మూడు రోజుల్లోపు వీపు మూసేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు బాగా తగ్గుతుంది. అయితే అబద్ధం చెప్పకూడదు: అప్పటికే చెడిన నరాలను ఆపరేషన్ బాగుచెయ్యదు. మిగిలినవాటిని కాపాడుతుంది, ప్రాణాన్ని కాపాడుతుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. 108 బండికి అది గంటల పని. మనవాళ్లు దాన్ని వారాల పని చేస్తున్నారు. అష్టమి వెళ్లాలి, అమావాస్య వెళ్లాలి, పెద్దమామ రావాలి. ఎ.ఎస్.పేట దర్గాకు పోండి, పెంచలకోనకు పోండి, వద్దనడానికి నేనెవర్ని? ఆపరేషన్ అయ్యాక పోండి. సూక్ష్మజీవికి వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. దానికీ దారి ఉంది. 1955లో ఫిలడెల్ఫియా దగ్గర జాన్ హోల్టర్ అనే టెక్నీషియన్‌కు ఇలాంటి కొడుకే పుట్టాడు. ఆయన ఏ పాపం చేశానా అని కూర్చోలేదు. నీరు ఒకవైపుకే పోయే చిన్న వాల్వ్ ఎలా చెయ్యాలా అని కూర్చున్నాడు. స్పిట్జ్ అనే సర్జన్‌తో కలిసి 1956లో చేసి చూపించాడు. ఆ పిల్లవాడు ఎక్కువ కాలం దక్కలేదు గానీ, తండ్రి చేసిన వాల్వ్ లోకం నిండా పిల్లల్ని బతికించింది. ఇలా తలలోని నీటిని మళ్లించే పరికరాన్ని షంట్ అంటారు. మన దేశంలో షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చాబ్రా షంట్ ఎంతో చవక. ఉగాండాలో ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూసి, ఇది దానికి తీసిపోలేదని బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ 2005లో ప్రచురించాడు. మూత్రం నిలిచి కిడ్నీలు చెడకుండా శుభ్రమైన గొట్టంతో పూటపూటకూ తీసే పద్ధతిని మిషిగన్‌లో లాపిడెస్ అనే డాక్టరు 1972లో చెప్పాడు. తల్లికి నేర్పితే తల్లి చేస్తుంది, పెద్దయ్యాక పిల్లలే చేసుకుంటారు. కాలిపర్లతోనో చక్రాల కుర్చీలోనో బడికి పోతారు. ఏ శాంతిహోమం ఒక్క కిడ్నీని కాపాడిందో చూపించండి, నెయ్యి ఖర్చు నేనిస్తాను.

డాక్టర్లంతా దేవుళ్లని నేను చెప్పడం లేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1963లో త్వరగా వీపు మూయడమే మంచిదన్న బృందంలో లోర్బర్ అనే డాక్టరు ఒకడు. ఆయనే 1971 నాటికి, ఎవరికి వైద్యం చెయ్యాలో ఎవరిని వదిలెయ్యాలో గీత గీశాడు. అదీ క్రూరమైన గీతే. కానీ ఆయన కారణాలు కాగితం మీద పెట్టాడు. చికాగోలో మెక్‌లోన్ లాంటి డాక్టర్లు అందరికీ వైద్యం చేసి, ఫలితాలు చూపించి, ఆ గీతను ప్రశ్నించారు. మన కర్మ సిద్ధాంతానికి అలాంటి సవరణ ఏ సంవత్సరంలో వచ్చింది?

సర్కారు వారికీ ఒక మాట. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రయోగం తేల్చిన సంగతి చిన్నది కాదు: ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ముప్పు 72 శాతం తగ్గింది. వాళ్లకు డాక్టరు సలహాతో రోజుకు 4 మిల్లీగ్రాములు, మామూలు స్త్రీలకు 400 మైక్రోగ్రాములు. మనమేం చేస్తున్నాం? గర్భం నమోదయ్యాక మాత్రలిస్తున్నాం, వెన్ను కథ ముగిశాక! బళ్లో ఆడపిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వారపు మోతాదు 2,800. రేషన్‌లో ఇచ్చిన పోషక బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు. పూర్తిగా దాని మీదే బతికినా చాలదు. అందులో కలిపిన ఆ కాస్త పోషక గింజల్నీ ప్లాస్టిక్ బియ్యమని మన ఇళ్లలో ఏరి పారేశారు. గ్రహణాన్ని నమ్మినంత తేలిగ్గా పోషకాన్ని నమ్మలేకపోతున్నారు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకమన్న 30 సమస్యల జాబితాలో మొట్టమొదటి పేరు ఈ లోపానిదే. జాబితా గోడ మీదుంటే లాభం లేదు, ఆశా కార్యకర్త నోట్లో ఉండాలి.

ఉదయగిరి వైపే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు రాత్రిబడి వాచకంలో ఒక పాఠం చదివి, చర్చించి, సారా దుకాణం మీదికి పోయారు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదవడం నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఒక ప్రభుత్వం మెడలు వంచగలిగినప్పుడు, వాళ్ల మనవరాళ్లకు ఇంకొక పాఠం చెప్పలేమా? పెళ్లి కుదిరినప్పుడే ఫోలిక్ మాత్ర. అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్. లోపం కనబడితే ఏం చెయ్యాలో డాక్టరుతో మాట్లాడి, కాన్పు పెద్దాసుపత్రిలో. బిడ్డ పుట్టగానే బండి. తల్లి వైపు ఒక్క వేలు కూడా చూపకూడదు.

పురుడు, ఉయ్యాల మానుకోమని నేననను. ఆపరేషనయ్యాక ఘనంగా చేసుకోండి, ఊరంతటినీ పిలవండి, మొట్టమొదట ఆ తల్లికి బొట్టు పెట్టండి. నన్నూ పిలవండి, వచ్చి బిడ్డను పేరు పెట్టి పిలిచి, పప్పన్నం తిని పోతాను. పురోహితుణ్ణి పిలవడం, మానడం మీ ఇష్టం.