గుడ్డు మానిన పెట్ట గొడ్డు కాదు: విరించిపురం కృషి విజ్ఞాన కేంద్రానికి బహిరంగ లేఖ

విరించిపురం కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు, వేలూరు జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు,

నాలుగు వారాలు పెంచిన నాటుకోడి పిల్లలను సగం రాయితీ మీద 40 చొప్పున పేద మహిళలకు ఇచ్చే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం ఈమధ్య సంవత్సరాల్లో నడిపింది. మంచి పని. అయితే ఆ పిల్ల పెట్టయి, ఒక తడవ గుడ్లు పెట్టి, ఉన్నట్టుండి మానేసిన రోజున ఆ ఇల్లాలికి తోడు కావాలి. ఆ రోజు సరైన మాట చెప్పేవాళ్లు లేకపోతే 'ఇది గొడ్డుపోయింది' అని పెట్ట సంతకో, కూరకో పోతుంది. నేను చెప్పదలచింది ఒక్కటే: మన పల్లెల్లో గుడ్డు మానిన పెట్టల్లో ఎక్కువ భాగం గొడ్డువి కావు. కొన్ని తమ పద్ధతి ప్రకారం విరామంలో ఉంటాయి, మిగతావాటికి ఏదో ఒకటి కొరవడి ఉంటుంది. ఆ రెంటినీ వేరుచేసి చూడడం చేతితో అయ్యే పని. దాన్ని నేర్పాల్సింది మీరు.

ముందు విరామం సంగతి. నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. గంప వదలదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు రాలి వేడి చర్మం తగులుతుంది. 21 రోజులు పొదిగి, ఆపైన పిల్లల్ని వెంటేసుకుని నెలల తరబడి తిరిగే పెట్ట ఏడాదికి అరవై డెబ్భై గుడ్లు పెట్టిందంటే అది దాని లెక్కకు సరిపోయినట్టే. నామక్కల్ ఫారం కోడి 300 పెడుతుందని దీన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. పిల్లలు వద్దనుకుంటే పెట్టను గంప నుంచి తీసి, కింద గాలి ఆడే జాలీ బుట్టలో మూడు నాలుగు రోజులు ఉంచి, మేత, నీళ్లు మామూలుగా ఇస్తే చాలు. పొట్ట చల్లబడి పొదుగు యావ తగ్గుతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం అక్కర్లేని హింస. ఈకలు రాల్చే కాలంలోనూ పెట్ట గుడ్డు ఆపుతుంది, ఎందుకంటే కొత్త ఈకలకు కావలసిందీ మాంసకృత్తులే. ఇంకొకటి, తిరగడానికి వదిలేసిన కోడి గుడ్డు మానలేదు, చోటు మార్చింది అన్న సందర్భాలూ తక్కువేమీ కావు. గడ్డివామి అడుగు, కట్టెల మోపుల సందు ఒకసారి వెతికాకే మిగతా మాట.

ఇక కొరత. కోడికి రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుతురు కావాలని, బల్బు వెయ్యమని చెప్పడం రివాజు. డిసెంబరులో ఎనిమిది గంటల పగలు కూడా లేని లండన్‌లో అది మొదటి సలహా. వేలూరులో అత్యంత చిన్న పగలు కూడా 11 గంటలు దాటుతుంది. కాబట్టి ఇక్కడ బల్బు కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మే నెల కత్తిరి ఎండల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు కోడి నోరు తెరిచి రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. గుడ్డులో ముప్పాతిక వంతు నీరే, ఒక్కరోజు నీళ్లు దొరకని పెట్ట కొన్ని రోజులు గుడ్డు ఆపేయగలదు. నీడన పెట్టిన మట్టి మూకుడులో రెండు పూటలా మార్చిన నీళ్లకు మించిన మందు ఆ నెలలో లేదు. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది, నూకలు తవుడు మాత్రమే తినే కోడికి అది ఎక్కడిది? ఎండబెట్టి, పెంకని గుర్తుపట్టలేనంత మెత్తగా దంచిన గుడ్డు పెంకులు, నత్తగుల్లల పొడి విడిగా ఒక చిప్పలో పెడితే కావలసినంత అదే తింటుంది. చెదలు, అజొల్లా, వేరుశనగ చెక్క మాంసకృత్తుల లోటు తీరుస్తాయి. జుట్టు పాలిపోయి ముడుచుకుంటే నులిపురుగులు, పేలు ఉన్నాయేమో చూడాలి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ లాంటి కోళ్లు ఇస్తే సరిపోదా అని ఒకటి. అవి ఎక్కువ గుడ్లు పెడతాయి, నిజమే. కానీ పొదగవు, మేత ఎక్కువ కోరతాయి. పిల్ల కోసం మళ్లీ హేచరీ గుమ్మం ఎక్కాలి. పొదిగే పెట్టే పేదింటి ఇంక్యుబేటర్, దాన్ని తీసేసి గుడ్ల లెక్క పెంచడం ఇంటికి లాభం కాదు. రెండో అభ్యంతరం బరువైనది: కొక్కెర తెగులు వస్తే ఈ జాగ్రత్తలన్నీ ఎందుకు? అందుకే ఏటా ఫిబ్రవరిలో జరిగే రెండు వారాల టీకా శిబిరం విలువైనది. టీకా సీసాలో వందల డోసులు ఉంటాయి, తెరిచాక నిలవ ఉండదు, అయిదు కోళ్ల ఇల్లు ఒంటరిగా కొనలేదు. శిబిరం నాడు కోళ్లు తిరుగుడికి వెళ్లకముందే తెల్లవారుజామున వీధి మొత్తానికి వేస్తే ఆ సీసా వృథా కాదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. గుడియాత్తం, పేర్నాంబట్టు వైపు ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. పైన చెప్పినవన్నీ ఒక పేజీలో, తమిళంలోను తెలుగులోను బొమ్మలతో అచ్చువేసి పిల్లలతో పాటే ఇవ్వండి. పిరుదు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెట్ట గుడ్ల మీద ఉన్నట్టు, ఒక్క వేలే పడితే ఆపినట్టు అనే గుర్తు ఆ బొమ్మల్లో మొదటిది కావాలి. వచ్చే ఫిబ్రవరి శిబిరంలో కోళ్లకు టీకా వేయించే ప్రతి మహిళ చేతికీ ఆ కాగితం అందేలా చూడండి.