రైఫిల్ కొనే ముందు...

ఒకప్పుడు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసిన కుర్రాడు ఆ తర్వాత దేశానికి ప్రపంచ కప్ తెచ్చిపెట్టిన సంగతి ఇందా నుంచి గోల్‌బజార్ దాకా ఎవరినడిగినా చెబుతారు. ధోనీ కథ అది. 2024లో మరో రైల్వే టికెట్ ఉద్యోగి వార్తల్లోకెక్కాడు. సెంట్రల్ రైల్వేకు చెందిన స్వప్నిల్ కుసాలే ప్యారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. మరి తాతల నాడు శ్రీకాకుళం, విశాఖల నుంచి వర్క్‌షాప్ పనికొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు ఇంట్లో పిల్లాడు బ్యాటుకు బదులు రైఫిల్ కావాలంటే తండ్రి ఏం చెప్పాలి?

ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది అమెరికా సలహా. అక్కడ బెంచ్‌రెస్ట్ అనే పోటీ ఉంది. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులపై ఆనించి కాలుస్తారు. ఐదు తూటాలు చేసిన రంధ్రాలు ఎంత దగ్గరగా పడితే అంత గొప్ప. చేతి వణుకు ప్రభావం దాదాపు ఉండదు. పోటీ రైఫిల్‌కూ, తూటాకూ, గాలిని చదివే కంటికీ మధ్యనే. లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టే ఫిట్టర్లున్న ఊరికి ఈ ఆట మర్మం వేరే చెప్పనక్కర్లేదు.

100, 200 గజాల బెంచ్‌రెస్ట్‌లో దశాబ్దాలుగా రాజ్యమేలుతున్నది 6 పీపీసీ. 1970లలో లూ పాల్మిసానో అనే సర్జన్, ఫెరిస్ పిండెల్ అనే తుపాకుల నిపుణుడు కలిసి .220 రష్యన్ తూటా తొడుగును మార్చి దీన్ని తయారు చేశారు. పొట్టిగా, లావుగా ఉండే తొడుగులో మందు ఒకేలా మండుతుందన్నది వాళ్ల లెక్క. దానికి తగ్గ రైఫిల్ బరువుకూ పరిమితి ఉంది. లైట్ వార్మింట్ తరగతిలో 10.5 పౌండ్లు, అంటే సుమారు 4.76 కిలోలు మించకూడదు. 600 గజాలు, ఆపై దూరాలకైతే 6 మి.మీ.లోనే మరికాస్త పెద్ద తూటాలు వాడతారు.

అయితే ఈ సలహా హౌరా రైలెక్కే లోపే చెల్లకుండా పోతుంది. అక్కడి షూటర్ మందు తూచి, తూటాను తానే నింపుకుంటాడు. ఒక్కోసారి పోటీ జరిగే చోటే బల్ల వేసుకుని ఆ పని చేస్తాడు. మన దేశంలో మందుగుండు తయారీకి లైసెన్సు కావాలి. .303, 7.62 మి.మీ. వంటి సైనిక బోర్లు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగ్గ ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. గుర్తింపు పొందిన షూటర్లకు మినహాయింపు ఉన్నా, కొత్తగా మొదలుపెట్టే వాడికి అది ఆమడ దూరం.

కాబట్టి మనకు మిగిలేవి రెండు: .22 లాంగ్ రైఫిల్, 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్. ఇవి తక్కువ రకం కావు. కుసాలే పతకం .22తో వచ్చిందే. 2012 లండన్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం ఎయిర్ రైఫిల్‌తో వచ్చింది. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో బెంగాలీ జయదీప్ కర్మాకర్ 1.9 పాయింట్ల తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. ఈ రెండు రకాలకూ బెంచ్‌రెస్ట్‌లో అంతర్జాతీయ పోటీలున్నాయి.

.22లో అసలు ఎంపిక తూటాది. ఒకే కంపెనీ, ఒకే పేరు, రెండు వేర్వేరు లాట్లు: ఒక బ్యారెల్‌లో ఒకటి గుచ్ఛంగా పడుతుంది, మరొకటి చెదిరిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు నాలుగైదు లాట్లు పరీక్షించి, కుదిరిన దాన్నే పెట్టెలకొద్దీ కొంటారు. పోటీ తూటాల వేగం ధ్వని వేగం కంటే తక్కువగా ఉంచడానికీ కారణముంది. ఆ వేగం దాటి మళ్లీ కిందికి దిగేటప్పుడు తూటా తడబడుతుంది. ఎయిర్ రైఫిల్‌లోనూ అంతే. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 మి.మీ.లలో ఏది నప్పుతుందో కాల్చి చూస్తే గానీ తేలదు. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే మరి.

రైఫిల్‌కు మొత్తం పొదుపు ఖర్చు పెట్టి తూటాలకు మిగల్చని తండ్రి, ఇంజను కొని బొగ్గు మరిచిన వాడితో సమానం.

ఇక చోటు. 2016 నిబంధనల ప్రకారం 20 జౌళ్లు మించని .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. కావాల్సిందల్లా పది మీటర్ల పొడవు దాటిన హాలు, వెనుక గట్టి గోడ, పెల్లెట్లను పట్టే పెట్టె, కళ్లద్దాలు, ఎవరూ అడ్డురాకుండా చూసే ఓ పెద్దమనిషి. కిలోమీటరు దాటిన ప్లాట్‌ఫారమ్ ఉన్న ఊళ్లో పది మీటర్లు దొరకవా? అది దొరికితే ఒక రైఫిల్‌ను పదిమంది పిల్లలు పంచుకోవచ్చు. దొరక్కపోతే 115 కిలోమీటర్ల అవతల కోల్‌కతాకు రానుపోను ఖర్చు భరించగలిగిన ఇంటి పిల్లాడే షూటర్ అవుతాడు. అప్పుడు గురి తప్పింది పిల్లాడు కాదు, మనం.