లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోతే సైజు చూసి కొనకండి



పోయిన వారం ఒక తమ్ముడు మన గ్రూపులో అడిగిండు, "లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది అన్నా, ఏది కొనాలె?" అని. చానా మంది జవాబిచ్చిన్రు. ఎక్కువ మంది చెప్పింది ఒక్కటే: "వన్ టీబీ హార్డ్ డిస్క్ తీసుకో, అదే పైసలకు ఎక్కువ జాగా వస్తది." నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో రెండు లైన్లలో చెప్పలేక ఈ పోస్టు రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

ముందు నా సంగతి. మాది ఏటూరునాగారం అవతల ఊరు. హన్మకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అమ్మ మిర్చి ఏరుడుకు పోయి, బాపు తునికాకు కోసి కూడబెట్టిన పైసలతోని ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్న. కొన్ని నెలలకు లోపల టిక్ టిక్ అని చప్పుడు మొదలైంది. ఆన్ కావాలంటే పది నిమిషాలు పట్టేది. పాతది కదా, గట్లనే ఉంటదనుకున్న. ఒక రోజు తెర నల్లగై, డిస్క్ దొరకలేదని ఒక్క లైను వచ్చి ఆగిపోయింది.

అందులో ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నయి, అవి మళ్లీ చేసుకోవచ్చు. గాని మా నాయనమ్మ పాటలు కూడా అందులనే ఉన్నయి. విత్తనాల పండుగకు ఊరికి పోయినప్పుడు ఆమెను కూసోబెట్టి కోయ మాటలో 41 పాటలు, కథలు ఫోన్‌లో రికార్డు చేసిన. ఫోన్ నిండిందని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లో తీసేసిన. ఆ తర్వాత మూడు నెలలకే నాయనమ్మ పోయింది. అంటే ఆ పాటలు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క డిస్క్ మీదనే.

షాపుకు పోతే, "పాతది ఫార్మాట్ చేసి చూద్దాం, లేకపోతే వన్ టీబీ మంచి కండిషన్‌ది ఉన్నది, తక్కువలో ఇస్తా" అన్నడు. ఫార్మాట్ వద్దన్న. ఆ వన్ టీబీ డిస్క్‌ను కంప్యూటర్‌కు పెట్టి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చూపించమని అడిగిన. అడుగుడుకు నాకు భయమే అయింది. మనకేం తెలుసని అడుగుతున్నడు అనుకుంటరేమో అని. చూస్తే అది 19 వేల గంటలు నడిచిన డిస్క్. రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఆరేళ్లు దాటింది. అసొంటిది "మంచి కండిషన్" అంట! దండం పెట్టి బయటికొచ్చిన.

ఇప్పుడు అసలు మాట. హార్డ్ డిస్క్ లోపల పళ్లాలు తిరుగుతయి. లాప్‌టాప్‌ల వాటిలో ఎక్కువ రకాలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతయి. ఆ పళ్లేనికి తగలకుండా, వెంట్రుక కన్నా సన్నని ఎడంతోని చదివే ముల్లు పోతుంటది. నడుస్తుండగా కుదుపు తగిలితే ముల్లు పళ్లేన్ని గీరుతది. మనం లాప్‌టాప్ ఎక్కడ పెడతం? హాస్టల్‌లో ఇనుప మంచం మీద, ఒళ్లో, బస్సులో. టేబుల్ మీద కదలకుండా ఉండే లాప్‌టాప్ మనలో ఎంతమందికి ఉన్నది? ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, అంతా చిప్పులే. అందుకే మనలాంటోళ్ల వాడకానికి అదే సరైనదని నా అభిప్రాయం.

రెండో సంగతి వేగం. హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ అటూ ఇటూ చదువుతది. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా పోతది. చిన్న చిన్న ఫైళ్లు వెతుకుడులో తేడా ఇంకా ఎక్కువ. ఆన్ అవుడుకు పది నిమిషాలు తీసుకున్న నా లాప్‌టాప్ ఇప్పుడు అర నిమిషంలో లేస్తున్నది. కొత్త లాప్‌టాప్ కోసం ఇంట్లో అప్పు చేయించాల్సిన పని తప్పింది.

"మరి జాగా?" అంటరు. నా పాత డిస్క్‌లో లెక్క చూసిన. నిండింది 140 జీబీ, అందులో 90 జీబీ సినిమాలే. మనకు 256 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతది, పైసలుంటే 512 తీసుకోండి. 256 కొంటే విండోస్‌లో 238 అని కనిపిస్తది, మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. కాని చానా అగ్గువకు 2 టీబీ అని అమ్మేటివి మాత్రం నమ్మకండి, లోపల అంత జాగా ఉండదు.

కొనేముందు ఇవి చూసుకోండి:

1. లాప్‌టాప్ కింద రాసిన మోడల్ నంబరు పట్టుకొని, లోపల 2.5 అంగుళాల సాటా జాగా ఉన్నదా, ఎం.2 స్లాటు ఉన్నదా తెలుసుకోండి. ఎం.2లో సాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు. చూస్తే ఒక్క తీరుగ ఉంటయి, కాని అన్ని స్లాట్లు రెండింటినీ తీసుకోవు. కొన్ని చవక లాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటది, అది మార్చలేం.

2. సీల్ తీయని పెట్టె, బిల్లు, వారంటీ మూడూ అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

3. విండోస్ 10 గాని 11 గాని ముందే యాక్టివేట్ అయి ఉంటే, డిస్క్ మార్చినంక మామూలుగా అదే యాక్టివేట్ అయితది. ఎందుకంటే లైసెన్సు మదర్‌బోర్డును గుర్తుపడతది. దానికి మళ్లీ పైసలు కట్టకండి.

4. పాత డిస్క్ షాపులో వదిలేయకండి. అందులో మన ఆధార్, కులం సర్టిఫికెట్, మార్కుల మెమోలు ఉంటయి.

ఇంకొక అన్న ఒక మాటన్నడు: "హార్డ్ డిస్క్ పోయే ముందు చప్పుడు చేసి చెప్తది. ఎస్ఎస్‌డీ చెప్పకుండా ఒక్కసారే పోతది, డేటా తీయుడు కష్టం." ఇది నిజమే, నేను కాదనను. కాని నాది చప్పుడు చేసి చెప్పింది కదా, నేను విన్ననా? ఏ డిస్క్ అయినా ఒక రోజు పోయేదే. ఏది కొన్నరన్నది సగం మాటనే, రెండో కాపీ ఉన్నదా అన్నది మిగతా సగం.

మా సీనియర్ ఒకాయన లైనక్స్ పెన్‌డ్రైవ్‌తోని, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో రెండు రాత్రులు కూసొని నా పాత డిస్క్‌ను తన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసిండు. అది ముందు చదవగలిగినంత చదివి, పాడైన చోట్లకు చివర్ల వస్తది. 26 పాటలు దక్కినయి. 15 పోయినయి. అండ్ల విత్తనాలు చల్లేటప్పుడు పాడేది ఒకటుండె. ఊర్లో అడిగితే అందరికీ పల్లవి వరకే యాదికున్నది.

అందుకే ఒక మాట పెడుతున్న. తిరిగే హార్డ్ డిస్క్ పనికిరానిదని నేను అనట్లేదు. టేబుల్ మీద కదలకుండా పెట్టి, నెలకొకసారి కాపీ చేసి, మళ్లీ అల్మారాలో పెట్టుడుకు అదే అగ్గువ. హాస్టల్‌లో రూముకు నలుగురం ఉంటం. నలుగురు కలిసి ఒక వన్ టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొంటే తలా కొంచెమే పడతది. మీరు చెప్పే వన్ టీబీ అక్కడ పెట్టండి, లాప్‌టాప్ లోపల కాదు. మా రూములో వచ్చే నెల నుంచి మొదలుపెడుతున్నం.

ఇంకొకటి. మీ ఫోన్‌లో అవ్వ, తాత గొంతు ఉన్నదా? ఈ పోస్టు చదివినంక ఫస్టు పని, దాన్ని ఇంకో చోట కాపీ చేయండి. డిస్క్ తర్వాత కొనొచ్చు.

నేను చెప్పిన దాంట్లో తప్పుంటే కింద రాయండి, దిద్దుకుంట. షాపుకు ఒక్కళ్లే పోవుడు భయమనిపించే తమ్ముళ్లు, చెల్లెళ్లు హన్మకొండలో ఉంటే చెప్పండి, కలిసి పోదాం.

జై ఆదివాసీ.