చంద్రమతికి ఇవ్వని గ్లాసు

మాచవరం మా ఊరు. నా పదో ఏట తిరునాళ్ల రాత్రి అక్కడ ‘సత్యహరిశ్చంద్ర’ నాటకం ఆడారు. ముగ్గురు హరిశ్చంద్రులు మారారు. చంద్రమతి మాత్రం తెల్లవార్లూ ఒక్కరే. కాటిసీనులో ఆమె బిడ్డను ఒడిలో పెట్టుకుని ఏడుస్తుంటే మా ఇంటి ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకున్నారు. తెల్లవారాక బస్సు కోసం నిలబడిన ఆ నటి మా వాకిట్లో మంచినీళ్లడిగింది. మా నాయనమ్మ ముందు అడిగింది ఆమె కులం. ఆ తర్వాత నీళ్లిచ్చింది, గ్లాసుతో కాదు, దోసిట్లో పోసి.

ఆ సీనులో హరిశ్చంద్రుడు పాడే పద్యాలన్నీ బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసినవి కావు. వాటిలో జాషువా శ్మశాన పద్యాలూ ఉంటాయి. 1895లో జాషువా పుట్టింది మా పల్నాటి వినుకొండలోనే. దళిత కవి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ఊరే, ఆ పద్యం పక్కన ఏడ్చిన స్త్రీకి గ్లాసు ఇవ్వలేదు. ‘కళకు కులం లేదు’ అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ దోసిలి గుర్తొస్తుంది.

సురభి కమలాబాయి జీవితాన్ని ఈ వెలుగులోనే చదవాలి. మరాఠా ప్రాంతం నుంచి వలస వచ్చిన తోలుబొమ్మలాట కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకానికి మళ్లాయి. ఆ కుటుంబాల బిడ్డ కమలాబాయి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆమే. ఇరవై ఏళ్లు నిండకముందే, 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి అయింది. 1971లో కన్నుమూసింది. తొలి కథానాయికను మన జ్ఞాపకం సహాయ పాత్రల వరుసలో కూర్చోబెట్టింది.

అయినా ఆమెకు ఒక రక్షణ ఉంది. సురభిలో స్త్రీ పాత్రలు స్త్రీలే వేసేవారు. అదే వేదిక మీద తండ్రి, అన్న, భర్త ఉండేవారు. ఆమె పేరుకు ముందు నిలిచింది సమాజం పేరు. అలాంటి అండ లేకుండా ఒంటరిగా కాంట్రాక్టు నాటకాలకు వచ్చిన నటి మాటేమిటి? స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ దక్కింది. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హుడు. కానీ అవే పాత్రలు వేసిన కళావంతుల స్త్రీలకు దక్కింది అనుమానం. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీగా అంకితం చేయడాన్ని నిషేధించింది; ఆ చూపును నిషేధించలేకపోయింది.

వేదిక మీద రాణి కావడానికి కులం అడ్డు రాదు. వేదిక దిగాక మనిషి కావడానికే అడ్డు వస్తుంది. నటన ఒక్క రాత్రి ఇచ్చిన మినహాయింపును సమానత్వమని పొరబడుతున్నాం.

విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు నాటక గ్రంథాలను పాఠాలుగా చెబుతున్నాయి. ఆ పాత్రలు మోసిన స్త్రీల జీవితాలనూ పాఠ్యంలో చేర్చాలి. విద్యార్థులు సెలవులకు ఊరెళ్లినప్పుడు, తిరునాళ్లలో చంద్రమతి వేసినవారు ఎక్కడున్నారో వెతకాలి. వారు బతికుండగానే వారి మాట రికార్డు చేయాలి. ముందుగా పేరు అడగండి. ఆ రోజు మా వాకిట్లో ఎవరూ అడగలేదు. కరపత్రంలో ముగ్గురు హరిశ్చంద్రుల పేర్లూ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. చంద్రమతి పేరు నాకు నేటికీ తెలియదు.